కబురందించే ఇళ్ళ జాబితా

పి.పి. నంబరు గుర్తుందా? ఇంటింటికీ ఫోను లేని రోజుల్లో పక్కింటివాళ్ళదో, వీధి చివర మందుల షాపువాళ్ళదో నంబరు రాసిచ్చి, దాని పక్కన పి.పి. అని రెండక్షరాలు చేర్చేవాళ్ళం. అమ్మాయికి పురుడొచ్చిందన్నా, మామగారికి ఒంట్లో బాగాలేదన్నా, పెళ్ళివారు ఆదివారం వస్తున్నారన్నా ఆ కబురు ముందు వాళ్ళింటికొచ్చి, అక్కణ్ణించి గోడమీదుగా మనింటికొచ్చేది. ఏ ఇంటావిడ విసుక్కోకుండా పిలుస్తుంది, ఎవరింట్లో రాత్రి తొమ్మిది దాటితే ఫోనెత్తరు, ఎవరు చెప్పిన మాట చెప్పినట్టే అందిస్తారు, ఎవరు దానికి రెండు కలుపుతారు... ఇవన్నీ ఇల్లాలికి కొట్టినపిండి. పాలపద్దు రాసుకునే పుస్తకం చివరి పేజీలో ఈ నంబర్లన్నీ వరసగా ఉండేవి.

1914లో అమెరికాలో ఒక పెద్దమనిషి అచ్చం ఇలాంటి జాబితానే తయారుచేయించాడు. కాకపోతే అందులో ఉన్నవి ఫోనున్న ఇళ్ళు కావు. పెరట్లో గడకర్ర పాతి, తీగలు కట్టి, వైర్‌లెస్ సెట్టు పెట్టుకున్న ఇళ్ళు. ఆ పెద్దమనిషి పేరు హైరమ్ పెర్సీ మాగ్జిమ్. ఈవేళ హామ్ రేడియో నడిపేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆయన్ని తలుచుకుంటారు. వాళ్ళ బల్లమీద ఓ చిన్న నోటుపుస్తకం ఉంటుంది చూశారూ, ఏ కొండమీద ఏ రిపీటరుంది, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంతదూరం దాకా వినిపిస్తుంది అని రాసుకునేది, దాని ముత్తాత ఆ 1914 నాటి జాబితానే.

ఆయన కథ మాత్రం రేడియోతో మొదలవదు. తుపాకీతో మొదలవుతుంది.

వెళ్ళిపోయిన తండ్రి

పెర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్క్ దగ్గర బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లి జేన్ బడెన్. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాగ్జిమ్. ఈ రెండో పేరు ఎక్కడో విన్నట్టుందా? నిజమే, మాగ్జిమ్ గన్ కనిపెట్టినాయనే. మనిషి చేత్తో తిప్పక్కర్లేకుండా తనంతట తానే గుండ్లు కురిపించే మొదటి మెషిన్ గన్ అది. 1884లో తయారైంది. ఆ తర్వాత ఆఫ్రికాలోనూ, మొదటి ప్రపంచయుద్ధంలోనూ ఆ తుపాకీ, దాన్ని చూసి చేసిన తుపాకులూ ఎంతమంది తల్లులకి కడుపుకోత మిగిల్చాయో లెక్కలేదు.

ఆ తండ్రి మేధావి. మాటకారి. చమత్కారి. పిల్లల్ని ఆటపట్టించడంలో దిట్ట. కానీ సంసారి కాదు. 1881లో పారిస్‌లో విద్యుత్ ప్రదర్శన ఉందని ఓడెక్కాడు. అక్కణ్ణించి లండన్ చేరి అక్కడే ఉండిపోయాడు. తన సెక్రటరీగా ఉన్న సారా హేన్స్‌తో కొత్త సంసారం పెట్టుకున్నాడు. బ్రిటిష్ పౌరుడయ్యాడు, 1901లో సర్ బిరుదు అందుకున్నాడు. ఇక్కడ అమెరికాలో జేన్, ముగ్గురు పిల్లలు మిగిలారు. అప్పటికి పెద్దవాడు పెర్సీకి పన్నెండేళ్ళు. తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు. భర్త పేరు పేపర్లలో మారుమోగుతుంటే ఇంట్లో కూర్చుని పిల్లల్ని పెంచిన ఆ జేన్ గురించి చరిత్ర పుస్తకాల్లో నాలుగు వాక్యాలు దొరకడం కూడా కష్టం. ఇలాంటి కథలు మన ఊళ్ళల్లోనూ తక్కువేం కావు. దేశాంతరం వెళ్ళి సంపాదిస్తానన్న మగవాడు అక్కడే స్థిరపడిపోతే ఇక్కడ ఉత్తరం కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు ఎంతమంది లేరు?

పెర్సీ తెలివిగలవాడు. పదిహేడు నిండకముందే, 1886లో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువు ముగించాడు. తన తరగతిలో అందరికంటే చిన్నవాడు. తర్వాత లిన్ అనే ఊళ్ళో ఓ కార్ఖానాలో పనికి కుదిరాడు. 1892 ప్రాంతంలో ఓ రాత్రి పక్క ఊరు సేలంలో తనకి నచ్చిన అమ్మాయిని చూసి, సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడట. కాళ్ళు పీకుతున్నాయి. ఈ సైకిలు తనంతట తానే నడిస్తే ఎంత బావుణ్ణు అనిపించింది. ఆ అనిపించడంతోనే ఇంజను పని మొదలుపెట్టాడు. మూడుచక్రాల బండికి పెట్రోలు ఇంజను బిగించి రోడ్డుమీద నడిపించాడు. ఆ అమ్మాయి ఏమైందో గానీ ఆ బండి మాత్రం ఆయనకి హార్ట్‌ఫర్డ్ పట్టణంలో పోప్ కంపెనీలో మంచి ఉద్యోగం తెచ్చిపెట్టింది. 1895లో అక్కడ చేరి మోటారు బళ్ళు తయారుచేశాడు. వాటిల్లో కరెంటు బ్యాటరీతో నడిచేవి కూడా ఉండేవి. ఈమధ్య వీధుల్లో తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లు కొత్తవనుకుంటాం గానీ, అవి నూట పాతికేళ్ళ పైమాటే. హ్యాండిల్ వేసి తిప్పే బాధ లేదని అప్పట్లో ఆడవాళ్ళు వాటినే ఇష్టపడేవారు.

1898 డిసెంబరులో మేరీలాండ్ రాష్ట్రం హేగర్స్‌టౌన్‌కి చెందిన జోసెఫీన్ హామిల్టన్‌ని పెళ్ళాడాడు. ఆమె తండ్రి ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసినాయన. వీళ్ళకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుక్కి హైరమ్ అనీ, కూతురికి పెర్సీ అనీ తండ్రి పేరునే చెరోముక్క పంచి పెట్టారు. ఆ అమ్మాయి సంగతి తర్వాత చెప్పుకుందాం.

చప్పుడంటే గిట్టని కొడుకు

తుపాకుల చప్పుడు మధ్య బతికీ బతికీ తండ్రికి చెవుడొచ్చింది. కొడుకు చేసిందేమిటో తెలుసా? తుపాకీ చప్పుడు వినపడకుండా చేసే సైలెన్సరు కనిపెట్టాడు. స్నానాలతొట్టిలో నీళ్ళు వదిలేస్తే తూములోంచి సుడి తిరుగుతూ పోతాయి కదా. అది చూస్తూ, తుపాకీ గొట్టంలోంచి దూసుకొచ్చే వాయువుని కూడా ఇలాగే సుడులు తిప్పితే ఒక్కసారిగా బయటపడి పేలదు కదా అనుకున్నాడు. 1909 మార్చిలో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత ఆయన కంపెనీ తుపాకుల గొడవ తగ్గించుకుని, ఇంజన్లకీ, కార్ఖానాలకీ చప్పుడు తగ్గించే సాధనాలు చేసింది. గాలి లోపలికి రానిచ్చి, వీధి రొద మాత్రం బయటే ఆపేసే కిటికీ సాధనం కూడా చేసింది. పెద్ద రోడ్డు పక్కన చంటిపిల్లని నిద్రపుచ్చే తల్లికి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

తండ్రి ప్రపంచానికి చప్పుడిచ్చాడు, కొడుకు దాన్ని తగ్గించే పనిలో పడ్డాడు. తండ్రి మీద కోపంతో చేశాడని ఎవరైనా అంటే నేను నమ్మను. ఎందుకంటే పెద్దయ్యాక ఆయన తండ్రి గురించి ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలో కసి లేదు. తండ్రి చేసిన అల్లరి, చెప్పిన వింతలు, చేసిన తుంటరి పనులు, ఒక పిల్లవాడి కళ్ళకి ఎలా కనిపించాయో అలాగే నవ్వుతూ చెప్పాడు. తండ్రి వెళ్ళిపోయేదాకా ఉన్న రోజుల్నే పట్టుకుని కథ నడిపాడు. 1936లో ఆ పుస్తకం అచ్చయింది. పదేళ్ళకి దాన్ని హాలీవుడ్ వాళ్ళు సినిమాగా కూడా తీశారు. తండ్రి లేని లోటుని అలా తండ్రి ఉన్న రోజుల్తో పూడ్చుకున్నాడేమో.

ముప్ఫై మైళ్ళు దాటని మాట

రేడియో పిచ్చి ఆయనకి కొడుకు ద్వారా అంటుకుంది. పిల్లాడు వైర్‌లెస్ మోజులో పడ్డాడు. తండ్రి సరదాగా పక్కన కూర్చున్నాడు. కొన్నాళ్ళకి పిల్లాడికంటే తండ్రే ఎక్కువసేపు చెవులకి గొట్టాలు తగిలించుకుని కూర్చోవడం మొదలెట్టాడు. నలభై దాటిన కంపెనీ యజమాని, ఊళ్ళో పేరున్నవాడు, స్కూలు కుర్రాళ్ళతో కలిసి హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్బులో చేరాడు.

అప్పటి రేడియో అంటే పాటలు వినే పెట్టె కాదు. కరెంటు నిప్పురవ్వలు చిటపటమని ఎగురుతుంటే ఆ టకటకల్ని పొడుగు, పొట్టి మోతలుగా విడగొట్టి అక్షరాలుగా పంపడమే. మోర్స్ కోడ్ అన్నమాట. 1912లో టైటానిక్ మునిగాక అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, సరదాగా వైర్‌లెస్ నడిపేవాళ్ళని 200 మీటర్ల తరంగాలకి దిగువకి నెట్టేసింది. అవి ఎందుకూ పనికిరావని అప్పటి పెద్దల నమ్మకం. ఇంట్లో పనికిరాని గదిని పిల్లల ఆటలకి వదిలేసినట్టు వదిలేశారు.

1914 ఏప్రిల్‌లో మాగ్జిమ్‌కి ఒక ఆడియాన్ బల్బు కావాల్సి వచ్చింది. బలహీనమైన సిగ్నలుని పట్టుకునే గాజు బల్బు అది. తేలిగ్గా దొరికేది కాదు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒకాయన దగ్గర అమ్మకానికి ఉందని తెలిసింది. దూరం ముప్ఫై మైళ్ళ లోపే. ఈయన దగ్గర ఉన్నది చట్టం ఒప్పుకున్నంతలో బలమైన సెట్టు, ఒక కిలోవాట్‌ది. అయినా ఎంతసేపు కొట్టినా మాట స్ప్రింగ్‌ఫీల్డ్ చేరలేదు. అప్పుడు గుర్తొచ్చింది, దారి మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్ళో ఇంకొక కుర్రాడికి సెట్టుంది. అతన్ని పిలిచి, అబ్బాయ్, ఈ కబురు కాస్త స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ళకి అందించు అని అడిగాడు. అతను అందించాడు.

ఇంతే సంగతి. పి.పి. నంబరు పద్ధతే. ఇందులో సైన్సు గొప్పతనం ఏమీ లేదు. కానీ మాగ్జిమ్ అక్కడ ఆగలేదు. ముప్ఫై మైళ్ళకి ఒక ఇల్లు చొప్పున ఉంటే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క పైసా ఖర్చు లేకుండా కబురు వెళ్ళదా అని ఆలోచించాడు. ఇళ్ళు ఉన్నాయి. వేలకొద్దీ ఉన్నాయి. లేనిదల్లా ఎవరెక్కడున్నారో, ఎప్పుడు మేలుకుని ఉంటారో తెలియడం. అంటే కావల్సింది ఇంకో యంత్రం కాదు, ఒక పద్దు పుస్తకం.

అదే నెలలో క్లబ్బులో ఈ సంగతి పెట్టాడు. క్లారెన్స్ టస్కా అనే ఇరవై కూడా నిండని కుర్రాడు కార్యదర్శిగా తోడయ్యాడు. సంస్థకి అమెరికన్ రేడియో రిలే లీగ్ అని పేరు పెట్టారు. రిలే అంటే ఒకరి నుంచి ఒకరు అందుకోవడం. ఆ పేరులోనే ఆయన ఉద్దేశం ఉంది. తెలిసిన ప్రతి వైర్‌లెస్ ఇంటికీ ఉత్తరాలు, నింపాల్సిన ఫారాలు పంపారు. ఆ ఏడాది శరత్కాలానికి రెండువందలు దాటిన స్టేషన్లు తాము కబురు మోస్తామని ఒప్పుకుని పేర్లిచ్చాయి. అక్టోబరులో వాటన్నిటి జాబితా చిన్న పుస్తకంగా అచ్చయింది.

ఆ పుస్తకంలో ఏముందో చెబితే, ఇది రాసినవాళ్ళు ఇల్లు నడిపే మనుషుల్లాగా ఆలోచించారని మీకే తెలుస్తుంది. పేరు, ఊరు, చిరునామా, గాలిలో పిలుచుకునే పేరు, సెట్టు బలం, ఎంతదూరం వినిపిస్తుంది, ఎంత వేగంగా చెప్తే రాసుకోగలరు, రోజులో ఏ వేళ సెట్టు దగ్గర ఉంటారు. ఈ చివరిదే నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. ఎందుకంటే ఎంత బలమైన సెట్టున్నా ఆ ఇంటి కుర్రాడు స్కూల్లో ఉన్న వేళ పిలిస్తే పలికేదెవరు? తెల్లవారుజామున చాటింపు వేసినా నిద్రపోయేవాడి చెవిన పడదు కదా.

ఈ పుస్తకం చేతిలో పట్టుకుని దేశపటం మీద దారి గీసుకోవచ్చు. ఫలానా ఊరికి కబురు పంపాలంటే మొదట వీరికి, వీరు లేకపోతే వారికి, అక్కణ్ణించి ఇంకొకరికి. అచ్చు పుస్తకం ఎప్పుడూ పాతబడిపోతూనే ఉంటుంది. ఒకడు ఇల్లు మారతాడు, ఒకడి గడకర్ర గాలివానకి పడిపోతుంది, ఒకడు కాలేజీ చదువుకి వెళ్ళిపోతాడు. జాబితాని మళ్ళీ మళ్ళీ సరిదిద్దక తప్పదు. 1915 డిసెంబరులో మాగ్జిమ్, టస్కా సొంత డబ్బుతో క్యూ ఎస్ టీ అని ఒక పత్రిక మొదలుపెట్టారు. అందరినీ ఉద్దేశించి చేసే పిలుపుకి మోర్స్ సంకేతం అది. స్టేషన్ల కబుర్లు దేశమంతా తిరగడానికి అది దారి అయింది. ఆ పత్రిక నూరేళ్ళు దాటి నడిచింది.

అన్నట్టు, ఇదంతా మగపిల్లల వ్యవహారం అనుకునేరు. ఒహాయో రాష్ట్రం సెయింట్ మేరీస్ ఊళ్ళో ఎమ్మా కాండ్లర్ అనే గృహిణి, భర్తతో కలిసి నడిపిన 8 ఎన్ ఎచ్ అనే స్టేషను ఆ రోజుల్లో పేరుమోసింది. కాలిఫోర్నియాలో కాథ్లీన్ పార్కిన్ అనే అమ్మాయి 1916లో పదిహేనేళ్ళకే ఓడల్లో వైర్‌లెస్ నడిపేవాళ్ళకిచ్చే మొదటి తరగతి లైసెన్సు సంపాదించింది. సెట్టు కూడా తనే కట్టుకుంది. మోర్స్ టకటకలో ఆడా మగా తేడా వినపడదు.

1916 ఫిబ్రవరి 22న, జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు నాడు, దేశంలోని గవర్నర్లకి ఒక సందేశాన్ని ఇంటినుంచి ఇంటికి మోసి చూపించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి కబురు వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి పట్టింది గంటా ఇరవై నిమిషాలు. మధ్యలో ఉన్నవి నాలుగు కాణీలు కూడా పుచ్చుకోని ఇళ్ళు. అర్ధరాత్రి అమ్మ పడుకోమని కేకలేస్తున్నా సెట్టు దగ్గర్నుంచి లేవని పిల్లలు.

నీలం కార్డు

1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. సరదా స్టేషన్లన్నీ మూసెయ్యమని, తీగలు దింపెయ్యమని ఉత్తర్వులొచ్చాయి. జాబితాలో ఉన్న కుర్రాళ్ళలో చాలామంది సైన్యంలో, నౌకాదళంలో వైర్‌లెస్ పనికి వెళ్ళారు. ఆ యుద్ధంలోనే అవతలి గట్టున మాగ్జిమ్ గన్లు మోగుతున్నాయి. తండ్రి ఆ మోత పూర్తిగా వినకుండానే 1916 నవంబరులో లండన్‌లో పోయాడు.

1918 నవంబరులో యుద్ధం ముగిసింది గానీ రేడియో మీద తాళం తీయలేదు. పైగా వైర్‌లెస్ మొత్తం ఎప్పటికీ నౌకాదళం చేతిలోనే ఉండాలని కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. అది నెగ్గితే ఇంటి రేడియోకి నూకలు చెల్లినట్టే. మాగ్జిమ్ వాషింగ్టన్ వెళ్ళి కమిటీ ముందు నిలబడి వాదించాడు. కానీ ఒక్కడి మాట ఎవరు వింటారు? సభ్యులా, ఇంకా యూనిఫారంలో ఎక్కడెక్కడో ఉన్నారు. అప్పుడు అక్కరకొచ్చాయి ఇంటి చిరునామాలు. లీగు తరఫున ఆ ఇళ్ళకి నీలం రంగు కార్డులు వెళ్ళాయి. మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయండి అని. రాసింది ఎవరనుకున్నారు? చాలాచోట్ల ఆ కుర్రాళ్ళ తల్లిదండ్రులు, ఇంటివాళ్ళు. రాత్రిళ్ళు ఆ టకటకలు భరించలేక విసుక్కున్న అమ్మలు కూడా రాసే ఉంటారు. కుప్పలుగా ఉత్తరాలొచ్చి పడ్డాయి. బిల్లు మూలబడింది. 1919 ఏప్రిల్‌లో వినడానికి, ఆ శరత్కాలంలో పంపడానికి మళ్ళీ అనుమతులొచ్చాయి.

స్టేషన్లు మోసిన కబుర్లు ఎన్నో ఉండొచ్చు. నన్నడిగితే, ఆ ఇళ్ళన్నీ కలిసి మోసిన అతి ముఖ్యమైన కబురు ఇదే. అదీ రేడియోలో కాదు, పోస్టులో.

తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. పనికిరావని వదిలేసిన పొట్టి తరంగాలే పై ఆకాశానికి తగిలి వెనక్కి తిరిగి సముద్రాలు దాటుతాయని తేలింది. 1923 నవంబరులో హార్ట్‌ఫర్డ్ పక్కనే ఉన్న ఫ్రెడ్ ష్నెల్ అనే ఆయన, ఫ్రాన్సులో నీస్‌లో ఉన్న లియోన్ దెలాయ్ నేరుగా మాట్లాడుకున్నారు. మధ్యలో ఎవరూ అందించక్కర్లేదు. ముప్ఫై మైళ్ళ దూరం దాటించడానికి లీగు పెట్టిన ఊరి దగ్గర్నించే మూడువేల మైళ్ళకి పైగా ఒక్క గెంతులో దాటేశారు. 1925లో పారిస్‌లో ఇరవైకి పైగా దేశాలవాళ్ళు కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకుని మాగ్జిమ్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.

మరి రిలే అవసరం తీరిపోయిందా? తీరలేదు. చాలా ఏళ్ళ తర్వాత చేతిలో పట్టే చిన్న సెట్లు వచ్చాయి. వాటి మాట కంటిచూపు మేర తప్ప పోదు. అడ్డం కొండొస్తే ఆగిపోతుంది. అందుకని కొండమీదా, ఎత్తయిన మేడమీదా ఒక యంత్రం పెట్టారు. అదే రిపీటరు. ఒక ఫ్రీక్వెన్సీలో విన్నది విన్నట్టు అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా పలుకుతుంది. విండ్సర్ లాక్స్ కుర్రాడు చేసిన పనే, నిద్రపోకుండా చేస్తుంది. కానీ దాన్ని పలికించాలంటే ముందు దాని సంగతులు తెలియాలి. అది పలికే ఫ్రీక్వెన్సీ ఏది, వినే ఫ్రీక్వెన్సీకి తేడా ఎంత (రెండు మీటర్ల బాండులో మామూలుగా 600 కిలోహెర్ట్జ్ ఉంటుంది), తాళంచెవి లాంటి సన్నని టోను ఏదైనా కలపాలా. అందుకే హాములు ఊరెళ్ళేటప్పుడు ఎవరి నోటుపుస్తకం వాళ్ళు వెంట పెట్టుకుంటారు. అచ్చులో వచ్చిన జాబితా ఉన్నా సరే, ఎవరి చేతిరాత వాళ్ళకి ధైర్యం. ఏ తేదీన విన్నాను, ఏ ఘాట్ రోడ్డు మలుపు తర్వాత వినపడలేదు, పొద్దున్న ఆరింటికి ఎవరు పలుకుతారు, కరెంటు పోతే దానికి బ్యాటరీ ఉందా లేదా. పెన్సిలుతో రాస్తారు, మారితే చెరిపి దిద్దుకోవచ్చని. పచ్చళ్ళ కొలతలు రాసుకున్న పాత డైరీలో అత్తగారు అంచున ఈసారి ఉప్పు తగ్గించాలి అని రాసుకున్నట్టు.

మన హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళింది, అక్కణ్ణించి ప్రపంచంలోని హాములతో మాట్లాడాలన్న సరదాతో. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదాకి తీసుకెళ్ళిన సెట్లతోనే ఆమె పోర్ట్ బ్లెయిర్ నుంచి మెయిన్‌లాండ్‌లో ఉన్న హాములకి, వాళ్ళ ద్వారా కంగారుపడుతున్న ఇళ్ళకి క్షేమ సమాచారాలు అందించింది. ఎవరు ఏ వేళ ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతారో తెలిసి ఉండడం ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది.

మాగ్జిమ్ దగ్గరికి వద్దాం. లీగు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఆయనే అధ్యక్షుడు. ఇంకోపక్క ఇంటి సినిమాలు తీసుకునేవాళ్ళ కోసం 1926లో ఒక సంఘం పెట్టాడు. క్యూ ఎస్ టీలో ముసలాయన అన్న మారుపేరుతో గాలిలో మర్యాద లేకుండా అరిచేవాళ్ళని ఏళ్ళ తరబడి ఆటపట్టిస్తూ రాసేవాడు. తుంటరితనం తండ్రి నుంచే వచ్చి ఉండాలి. ఆ ముసలాయన ఎవరో పాఠకులకి ఆయన పోయాక గానీ తెలియలేదు.

కూతురి సంగతి చెబుతానన్నాను కదా. పెర్సీ మాగ్జిమ్ లీ 1950 నుంచి 1958 దాకా అమెరికాలో లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ అనే మహిళా ఓటర్ల సంస్థకి అధ్యక్షురాలిగా పనిచేసింది. ఊరూరా ఉన్న ఇల్లాళ్ళని ఒక తాటిమీదకి తెచ్చే సంస్థ. తండ్రి వైర్‌లెస్ ఇళ్ళని కలిపితే కూతురు ఓటున్న ఇళ్ళని కలిపింది. ఆమె అత్తగారు ఎవరో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. బొమ్మరిళ్ళల్లో హత్యాస్థలాలని అచ్చుగుద్దినట్టు కట్టి, పోలీసులకి నేరపరిశోధన నేర్పిన ఫ్రాన్సిస్ గ్లెస్నర్ లీ. మాగ్జిమ్‌కి వియ్యపురాలన్నమాట. ఆ రెండు కుటుంబాల పెళ్ళి విందులో ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు భలే కోరిక.

1936 ఫిబ్రవరిలో మాగ్జిమ్, జోసెఫీన్ కాలిఫోర్నియాలోని లిక్ వేధశాల చూద్దామని రైలెక్కారు. ఆయనకి నక్షత్రాలన్నా మోజే. దారిలో గొంతు ఇన్‌ఫెక్షను ముదిరింది. కొలరాడోలో లా హుంటా అనే చిన్న ఊళ్ళో దింపి ఆస్పత్రిలో చేర్చారు. ఫిబ్రవరి 17న అక్కడే పోయాడు. అరవై ఆరేళ్ళు. హేగర్స్‌టౌన్‌లో, అంటే అత్తవారి ఊళ్ళో, ఖననం చేశారు.

మరుసటి నెలలోనే కనెక్టికట్ నదికి వరదొచ్చి లీగువాళ్ళ స్టేషను కొట్టుకుపోయింది. కొత్తది న్యూయింగ్టన్‌లో కట్టి 1938 సెప్టెంబరు 2న, ఆయన పుట్టినరోజు నాడు తెరిచారు. ఒక మనిషి పోతే అతని కాల్ సైను తర్వాత ఎవరికైనా ఇచ్చేయడం మామూలు. ఆయనది మాత్రం ఇంకో మనిషికి ఇవ్వలేదు. డబ్ల్యూ 1 ఏ డబ్ల్యూ అన్న ఆ పేరు కొత్త స్టేషనుకి పెట్టారు. రోజూ సాయంత్రాలు మోర్స్ నేర్చుకునేవాళ్ళ కోసం అక్కణ్ణించి నిదానంగా పాఠాలు పంపడం మొదలుపెట్టారు. ప్రపంచంలో ఎందరో హాముల నోటుపుస్తకాల్లో మొదటి పేజీల్లో రాసి ఉండే పేరు అదే.